లేబుల్ లేని సీసా

వైశాలి,
జనవరి 6.

బంగారం లాంటి మా అమ్మకి,

ఫోన్ చేస్తే, మీ కట్టుడు పళ్ళ ల్యాబ్‌లో ఆ గ్రైండింగ్ మిషన్ల మోతకి పాడైపోయిన చెవులతో "ఆఁ? ఏంటీ?" అంటావు. వాట్సాప్‌లో నాలుగు పేరాలు రాస్తే బొటనవేలి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకుంటావు. అందుకే కాయితం మీద రాస్తున్నాను. కూర్చుని చదువు.

గోళ్ళు లేచిపోతున్నాయమ్మా. నావి కాదు, నేను వచ్చినవాళ్ళకి పెట్టే పెట్టుడు గోళ్ళు. మూడు నెలలు ఈ గోళ్ళ కోర్సు చేసి, ఇక్కడ ఢిల్లీ పక్కన నోయిడాలో సెలూన్‌లో చేరి రెండు నెలలైంది కదా. పని చెప్పుకోవడానికి ఎంత సులువో చూడు. గోరు మీద నున్నదనం పోయేలా కాస్త రుద్దాలి. బ్రష్షు లిక్విడ్‌లో ముంచి పౌడర్‌లో తాకిస్తే చివర చిన్న ముద్ద వస్తుంది. దాన్ని గోరు మీద పెట్టి, గట్టిపడేలోగా దిద్దాలి. అంతే. మిగతా అమ్మాయిలు పెట్టినవి మూడు వారాలు చెక్కుచెదరవు. నేను పెట్టినవి అయిదో రోజుకి గోరు మొదట్లో లేస్తాయి, ఎనిమిదో రోజుకి ఊడి పడతాయి. పోయిన వారం ఒక పంజాబీ కొత్త కోడలి గోరు రాజ్మా గిన్నెలో వాళ్ళ మామగారికి దొరికిందట. ఆ పిల్ల సెలూన్‌కి వచ్చి నా మీద అరిచిన అరుపులకి పక్క కొట్లో బట్టలు కొనేవాళ్ళు కూడా వచ్చి చూశారు.

చెయ్యని ప్రయత్నం లేదు. ఎక్కువ రుద్దాను, తక్కువ రుద్దాను. లిక్విడ్ తగ్గిస్తే ముద్ద ఇసకలా రాలింది, పెంచితే పక్కలకి కారింది. ముద్ద పట్టుకోవడానికి ముందు పూసే ప్రైమర్ రెండు సార్లు పూశాను. మర్యాదలో అయితే ఏ లోపమూ లేదు. ఈ చలిలో వణుక్కుంటూ వచ్చినవాళ్ళ చేతులు ముందు పది నిమిషాలు వేడినీళ్ళ గిన్నెలో పెట్టిస్తాను. ఇంకెవ్వరూ అంత చెయ్యరు. అయినా వాళ్ళవి నిలుస్తాయి, నావి లేస్తాయి. మీ అల్లుడు నవదీప్‌తో చెప్పుకుంటే, కంప్యూటర్‌కి చెప్పినట్టు "ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చెయ్" అన్నాడు. ఆ రోజు ఆయనకి కూరలో ఉప్పు వెయ్యలేదు.

సెలూన్ నడిపే రీతూ దీదీ నిన్న తేల్చి చెప్పేసింది. "భవ్యా, మహీనే కే ఎండ్ తక్ ఠీక్ కరో. నహీఁ తో రిసెప్షన్ పే బైఠ్ జానా." నెలాఖరులోగా సరిచేసుకోవాలట, లేదంటే రిసెప్షన్‌లో కూర్చోవాలట. బీకామ్ చదివి, రెండేళ్ళు బ్యాంకు పరీక్షలు రాసి, అన్నీ పోయాక నాకు చేతనవుతుందనిపించిన పని ఇదొక్కటే. దీన్ని కూడా పోగొట్టుకుని రిసెప్షన్‌లో కూర్చుని నవ్వలేను. నువ్వేం చెయ్యలేవని తెలుసు. ఎవరితోనో ఒకరితో చెప్పుకోకపోతే పిచ్చెక్కేలా ఉంది.

నీ
భవ్య


వైశాలి,
జనవరి 19.

అమ్మా, నా తల్లీ,

పోయిన ఉత్తరానికి జవాబు లేదు. సరే.

ఈ ఉత్తరం సంతోషంగా రాయాల్సింది. నా అవస్థ చూడలేక రీతూ దీదీ తన అల్మరాలోంచి ఒక సీసా తీసి ఇచ్చింది. లేబుల్ లేదు. "యే వాలా లగా. హిలేగా నహీఁ" అంది, ఇది పెడితే కదలదని. నిజంగానే కదల్లేదు. పది రోజుల్లో పదకొండు మందికి పెట్టాను, ఒక్కటీ లేవలేదు. ఒకావిడ తీయించుకోవడానికి వస్తే గంటసేపు గోళ్ళ రంగు తీసే అసిటోన్‌లో నానబెట్టినా కరగలేదు, చివరికి డ్రిల్లుతో అరగదియ్యాల్సి వచ్చింది. అంత గట్టిది. మూత తియ్యగానే అచ్చం మీ ల్యాబ్ వాసన. చిన్నప్పుడు బడి నుంచి నేరుగా మీ ల్యాబ్‌కి వచ్చి, పళ్ళ సెట్ల మధ్య కూర్చుని హోంవర్క్ చేసుకున్న రోజులు గుర్తొచ్చాయి.

నిన్న గోరుచుట్టు మీద రోకటిపోటు పడింది. కిరణ్మయి గారని, ఢిల్లీలో ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉంటారు. మనవాళ్ళే, కాకినాడ వైపు. తెలుగమ్మాయి ఉందని అంత దూరం నుంచి నా కోసం వచ్చారు. పొద్దున ఆఫీసుకి దిగుతుంటే క్యాబ్ తలుపులో వేలు పడింది. నేను పెట్టిన గోరు విరగలేదమ్మా. విరిగితే బాగుండేది. అది అలాగే ఉండి, కింద ఆవిడ సొంత గోరు మొత్తం ఊడి దానితో పాటు వచ్చేసింది. చేతికి రుమాలు చుట్టుకుని సెలూన్‌కి వచ్చారు. రుమాలంతా రక్తం. తిట్టలేదు. "ఏమ్మా, ఇలా అవుతుందని ముందే చెప్పాలి కదా" అన్నారు. ఏం చెప్పను? నాకే తెలియదు.

దీదీ అందరి ముందూ నన్నే అంది, గోరు అతిగా రుద్దేశావని. అయ్యుండొచ్చు. నాకు చెయ్యి తిరగలేదు, తిరగదు. నెలాఖరుకి మానేస్తాను. ఈ మాట నవదీప్‌కి ఇంకా చెప్పలేదు, నీకే చెబుతున్నాను. ఒకరి వేలు చితక్కొట్టి నేర్చుకునే విద్య నాకొద్దు.

నీ
చేతకాని కూతురు
భవ్య


తెనాలి,
జనవరి 27.

చిరంజీవి భవ్యకి అమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరాలు రెండూ ఒకే రోజు అందాయి. మన పోస్టు సంగతి తెలిసిందే. రెండోది చదివి నాకు అన్నం సహించలేదు.

ముందు ఆ సీసా అవతల పెట్టు. వాసన మా ల్యాబ్‌దే అంటే అది మా లిక్విడే. కట్టుడు పళ్ళకి వాడేది. మేము కూడా దాన్ని మనిషి ఒంటి మీద గట్టిపడనివ్వం. అచ్చులో పోసి, వేడినీళ్ళలో ఉడికించి, అరగదీసి, కడిగిన తరవాతే సెట్టు నోట్లోకి వెళుతుంది. అలాంటిది బతికున్న గోరు మీద పోస్తారా? అది రాయిలా అవుతుంది. దెబ్బ తగిలితే తాను విరగదు, కిందదాన్ని పీకుతుంది. లేబుల్ ఎందుకు లేదో మీ దీదీని అడుగు. గోళ్ళకి వేరే లిక్విడ్ ఉంటుందట, మా ల్యాబ్‌కి సరుకు తెచ్చే రఘువీర్‌ని అడిగాను.

ఇక నీ గోళ్ళు ఎందుకు లేచిపోతున్నాయో మొదటి ఉత్తరంలో నువ్వే రాశావు, నువ్వే చూసుకోలేదు. పది నిమిషాలు నీళ్ళలో నానబెడితే గోరు నీరు పీల్చుకోదూ? మా అచ్చులో చుక్క తడి ఉంటే సెట్టు తెల్లగా పొంగి పాడవుతుంది. తడి మీద ఇది నిలవదు. వచ్చినవాళ్ళకి మర్యాద చెయ్యాలనిపిస్తే టీ ఇయ్యి.

ఇంకొకటి. చెప్పకూడదనుకున్నాను, కానీ నువ్వు ఆ సీసాతో ఇంకొక్క రోజు కూడా పని చెయ్యకూడదని చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళు ఆ లిక్విడ్, ఆ ముద్ద ఒట్టి చేతులతో కలిపాను. నాలుగేళ్ళ నుంచి నా వేళ్ళ చివర్లకి స్పర్శ సరిగా లేదు. బియ్యంలో రాయి చేతికి తెలియదు. నీ పెళ్ళికి పూలజడ మీ పిన్ని చేత కుట్టిస్తే మూతి ముడుచుకున్నావు. చూశాను. సూది గుచ్చుకున్నా తెలియని వేళ్ళతో నీ జడ ఎలా కుట్టను?

నువ్వు చేతకానిదానివి కాదు. పొడిగా పని చెయ్యి.

ఆశీస్సులతో
అమ్మ,
అన్నపూర్ణేశ్వరి


వైశాలి,
ఫిబ్రవరి 13.

అమ్మా, నా మొండి అమ్మా,

నీ ఉత్తరం పట్టుకుని రీతూ దీదీ దగ్గరికి వెళ్ళాను. సీసా మీద లేబుల్ ఎందుకు లేదని అడిగాను. "సబ్ యూజ్ కర్తే హైఁ, యార్" అంది, అందరూ వాడతారట. నేను వాడనన్నాను. ఆ పదకొండు మందికీ ఫోన్లు చేసి, వచ్చి తీయించుకోండి, వేలు ఎక్కడా తగలనివ్వకండి అని చెప్పాను. ఇద్దరు థాంక్స్ అన్నారు, ఒకావిడ పోలీసుల దగ్గరికి వెళతానంది, ఒకావిడ పెళ్ళయ్యేదాకా తియ్యనంది. మూడో ఫోన్‌కే దీదీకి తెలిసిపోయింది. ఇప్పుడు నాకు ఆ సెలూన్‌లో రిసెప్షన్ కూడా లేదు. పోతే పోయింది. వైశాలిలో మెట్రో పక్కన చిన్న పార్లర్‌లో టేబుల్ ఇచ్చారు. లేబుల్ చదివి లిక్విడ్ కొన్నాను. నీళ్ళ గిన్నె తీసేసి ఫ్లాస్కులో టీ పెట్టాను. పై వాటాలో ఉండే మైథిలికి పెట్టి పది రోజులైంది. రోజూ గిన్నెలు తోముతోంది, ఒక్క అంచూ లేవలేదు. ఇంత చిన్న విషయానికి రెండు నెలలు ఆ గోళ్ళు నా ప్రాణం తోడేశాయి కదమ్మా!

పూలజడ సంగతి. నువ్వెందుకు కుట్టలేదని నేను అడగలేదు, నిజమే. కానీ మూడేళ్ళుగా మనసులో పెట్టుకున్నాను. పెళ్ళి ముందు రోజు కూడా నువ్వు ల్యాబ్‌కి వెళ్ళావు. నా జడ కంటే ఎవరి పళ్ళో ముఖ్యమైపోయాయి అనుకున్నాను. అత్తగారింట్లో ఆ మాట అని నవ్వాను కూడా. సిగ్గుగా ఉంది. క్షమించు అనడానికి కూడా కోపంగానే ఉంది, ఎందుకంటే ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

ఆదివారం ఆర్.కె. పురం వెళ్ళి కిరణ్మయి గారికి, నీ వేళ్ళ సంగతితో సహా, జరిగింది జరిగినట్టు చెప్పాను. కొత్త గోరు రావడానికి ఆరు నెలలు పడుతుందన్నారట డాక్టరు. ఆవిడ అంతా విని, నన్ను క్షమించారో లేదో చెప్పలేదు గానీ, ఒకటే అడిగారు.

"మరి మీ అమ్మగారు ఇప్పుడు ఆ పని మానేశారా?"

తిరిగి వస్తూ మెట్రోలో నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నా కస్టమర్ల గోళ్ళ గురించి పేజీ రాశావు. నన్ను ఇంకొక్క రోజు కూడా చెయ్యొద్దన్నావు. నువ్వు మాత్రం ఆ ఉత్తరం పోస్టులో వేసి ల్యాబ్‌కే వెళ్ళి ఉంటావు. అవునా? ఊరికి శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందట. నా మీద నీకున్న హక్కు నీ మీద నాకు లేదా?

అందుకని నిన్ను అడక్కుండా రెండు పనులు చేశాను. మీ ల్యాబ్ ఓనర్ త్యాగరాజు గారికి ఫోన్ చేశాను. "ఆవిడ ఎప్పుడూ చెప్పలేదేంటమ్మా" అన్నారు. నిన్ను ఆ ముద్ద కలిపే గదిలోంచి తీసి పళ్ళ రంగులు సరిచూసే టేబుల్ దగ్గర కూర్చోబెడతానన్నారు. రెండోది, ఇరవై ఎనిమిదో తారీకున గుంటూరులో నరాల డాక్టరు దగ్గర నీకు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. టికెట్ కొన్నాను, నేనే వస్తున్నాను. కోపం వస్తే రానీ, ఎదురుగా కూర్చుని తిట్టు.

ఒక్కటి మాత్రం నేను వచ్చేలోగా రాయి. కాపురానికి ఢిల్లీ బయల్దేరిన రోజు, తెనాలి స్టేషన్‌లో బండి కదిలేదాకా కిటికీలోంచి నా చెయ్యి పట్టుకునే ఉన్నావు. నేను గట్టిగా నొక్కాను. అది నీకు తెలిసిందా అమ్మా? నిజం రాయి.

నీ
భవ్య