ఆద్యలో లేని ఎంజైమ్

జూన్ 11
ఆద్య మళ్ళీ పడింది. వంటింటి గడప దగ్గర. లేవబోయి కూర్చుండిపోయింది. రెండున్నరేళ్ళు... ఉగాదికి పరుగెత్తిన పిల్ల. వాళ్ళ నాన్న, మా బావ, క్యాబ్ ట్రిప్పు మధ్యలో ఫోన్ చేశాడు. "చెప్పులు జారుతున్నయేమో, వేరేవి కొందాం."
ఇంట్లో చెప్పులెక్కడివి?

జూన్ 14
రాయదుర్గం. నేను ఆయాగా చేసే ఆఫీసు క్రెష్‌లో ఒక పాప మొదటిసారి నడిచింది. ఆరు అడుగులు. వీడియో తీసి వాళ్ళమ్మకు పంపాను. బాత్రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకున్నాను.

జూన్ 27
ఆద్య రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసింది. నరం చుట్టూ కరెంటు తీగ తొడుగులాంటి పొర. ఆ పొరలో పాతబడిన కొవ్వును ఒక ఎంజైమ్ కరిగించాలి. ఆద్యకు అది లేదు. కరగని కొవ్వు పేరుకుపోయి నరానికే విషమవుతుంది.
"మందు?"
"నడక పోకముందే తెలిస్తే ఏమన్నా చేసేవాళ్ళం, అమ్మా."
మొదటిసారి పడినప్పుడు నేనే నవ్వాను — తాగినట్టు నడుస్తున్నావే అని.

జూన్ 28
"నీళ్ళు" అనలేదు. వేలు చూపించింది.

జూలై 3
లోపం ఇద్దరి నుంచీ వచ్చిందట. చెరొకటి. మేనరికాల్లో ఎక్కువట. బావ తల్లి నాకు మేనత్తే. ఆద్యను ఒళ్ళో వేసుకుని ఏడ్చింది. "నా అన్న బిడ్డ నా ఇంట్లనే ఉండాలని నేనే పట్టుబట్టి చేసుకుంటి..."
ఊరుకో అత్తమ్మా అనాలి. అనలేకపోయాను. అనాలని కూడా లేదు.

జూలై 9
నెల తప్పిన సంగతే పట్టించుకోలేదు. తొమ్మిది వారాలు నిండాయట. ఈ బిడ్డకూ రావచ్చు — నలుగురిలో ఒకరికి వస్తుందట. పదకొండు వారాలు దాటాక కడుపులోంచే పరీక్ష చేస్తారు.

జూలై 25
పొట్టలోకి సూది. మాయ ముక్క తీశారు. మూడు వారాలు ఆగాలి.
తిరిగి వస్తుంటే బావ అన్నాడు, "గదే రోగముంటే తీపిద్దం."
"ఆద్య కడుపుల ఉన్నప్పుడు తెలిసి ఉంటే? తీపిస్తుంటిమా?"
కొండాపూర్ సిగ్నల్ దాటి కారు పక్కకు ఆపాడు. స్టీరింగు మీద తల పెట్టుకున్నాడు. "నన్ను గిది అడగకే."
వెనుక సీట్లో ఆద్య కిటికీ అద్దం నాకుతోంది.

జూలై 31
అన్నం మెత్తగా పిసికి పెట్టినా పొలమారుతోంది. జావ పట్టిస్తున్నాను. ఇలాంటి ఇంకో బిడ్డను మోయలేను. ఇలాంటి బిడ్డ వద్దు అనుకున్న ప్రతిసారీ ఆద్య మొహం చూడలేకపోతున్నాను.

ఆగస్టు 6
క్రెష్ మానేశాను. అక్కడున్నంతసేపూ పిల్లల పాదాలే చూస్తున్నాను.

ఆగస్టు 9
కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయాయి. ఎత్తుకుంటే నడుముకు చుట్టుకోవడం లేదు. అత్తమ్మ నూనె రాస్తుంటే మాత్రం నవ్వింది. కాసేపే... నవ్వింది.

ఆగస్టు 16
డాక్టరమ్మ ఫోన్. రిపోర్టు వచ్చిందట. రేపు పదకొండింటికి ఇద్దరం రావాలి.
"ఫోన్‌లోనే చెప్పండి మేడమ్, జర."
"రండమ్మా. కూర్చుని మాట్లాడుదాం."
మంచి కబురైతే చెప్పేసేది కదా అన్నాను. "అందరికీ గట్లనే చెప్తరు," అన్నాడు బావ. కిందికి దిగి కారు తుడుస్తున్నాడు. పొద్దున కడిగిన కారే.