ఏ గడిలో టిక్ పెట్టాలి

సెప్టెంబర్ 14, ఆదివారం

పద్దెనిమిది మందిమి ఉన్నాం. విజయవాడ గవర్నర్‌పేటలో మేడ మీద రెండు గదులు, ఒక వైట్‌బోర్డు, ఒక్కటే ఫ్యాను. ఇంట్లో ఎవరూ కోర్టు మెట్లు ఎక్కని పిల్లలకి, ఎక్కినా ముద్దాయిలుగా మాత్రమే ఎక్కినవాళ్ళ పిల్లలకి, ఒక ట్రస్టు ఉచితంగా లా ఎంట్రన్స్ క్లాట్‌కి కోచింగ్ ఇస్తోంది. లా యూనివర్సిటీలో సీటొస్తే ఐదేళ్ళ ఫీజూ వాళ్ళే కడతారు. పరీక్ష డిసెంబర్ 7న. నాకు ఇంగ్లిష్ ప్యాసేజీ మూడుసార్లు చదివితే గాని అర్థం కాదు. మూడుసార్లకి టైమ్ ఉండదు.

సెప్టెంబర్ 22

మాక్ టెస్టులో నూట ఇరవైకి 51. నా రూమ్మేట్ నాగదుర్గకి 58. వాళ్ళది మంగళగిరి, మగ్గం ఇల్లు. ఫస్ట్ వచ్చింది గుడివాడ నుంచి వచ్చిన హర్షవర్ధన్‌కి, 79. వాళ్ళ నాన్న మునిసిపాలిటీలో డ్రైనేజీ పని చేస్తాడు. ఆ సంగతి అతనే మొదటిరోజు అందరి ముందూ లేచి చెప్పాడు.

పాఠం చెప్పేది బాలత్రిపురసుందరి మేడమ్. పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా మాకు చెప్పి, ఆ మెట్ల మీదే నల్లకోటు తొడుక్కుంటూ కోర్టుకి పరుగెడతారు.

అక్టోబర్ 5, ఆదివారం

ఊరికి వెళ్ళాను. కూచిపూడికి మూడు కిలోమీటర్లు. నాగదుర్గ కూడా వస్తానంది. చర్చిలో క్వయర్‌తో పాడాను. అది ముందు వరసలో కూర్చుని ఫోన్లో వీడియో తీసుకుంది. అమ్మ దానికి రొయ్యల కూర వండి పెట్టింది. చాలా రోజులకి మంచి రోజు.

అక్టోబర్ 8

లీగల్ రీజనింగ్‌లో ఒక ప్యాసేజీ. ఎస్సీ సర్టిఫికెట్ ఉన్న ఒకతను క్రైస్తవంలోకి మారి, అదే సర్టిఫికెట్‌తో ఉద్యోగం తెచ్చుకుంటాడు. హిందువులు, సిక్కులు, బౌద్ధులు తప్ప మిగతావాళ్ళు ఎస్సీలు కారు గనక ఆ ఉద్యోగం చెల్లదని కోర్టు చెబుతుంది. ఐదు ప్రశ్నలు. ఐదూ కరెక్టే రాశాను. ఒక్కసారి చదివితేనే అర్థమైంది.

తర్వాత హర్షవర్ధన్ లేచాడు. మరి మన వైపు ఆదివారం ఆదివారం చర్చికి వెళ్తూ ఆ సర్టిఫికెట్ వాడేవాళ్ళు ఎవరి సీటు తింటున్నట్టు అని మేడమ్‌ని అడిగాడు. మనుషుల్ని లెక్కపెట్టడం మాని ప్యాసేజీ చూడమన్నారు మేడమ్. నేను తల ఎత్తలేదు.

నా సర్టిఫికెట్‌లో ఎస్సీ అని ఉంది. మతం హిందూ అని ఉంది. నాన్న పుట్టకముందే నాయనమ్మ సంపూర్ణమ్మ బాప్తిస్మం తీసుకుంది.

అక్టోబర్ 9

నాగదుర్గ ఆ వీడియో వాట్సాప్ స్టేటస్ పెట్టింది. తీసెయ్యమనేలోపే ముప్పై ఒక్క మంది చూశారు.

అక్టోబర్ 11

మెట్ల దగ్గర హర్షవర్ధన్ ఆపాడు. బాగా పాడావన్నాడు. ఫారంలో ఏ కేటగిరీ పెడుతున్నావని అడిగాడు. ఇంకా నింపలేదన్నాను.

"ఆ వీడియో నా దగ్గరుంది. బెదిరించడానికి చెప్పట్లేదు. వైజాగ్ లా యూనివర్సిటీ సీటుకి నేనూ అదే ఎస్సీ లైన్లో ఉన్నాను వినీలా. నీ మీద కోపమేం లేదు. కానీ నా ముందు నువ్వు నిలబడితే మాత్రం ఊరుకోను."

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని.

అక్టోబర్ 12, ఆదివారం

ఊరికి వెళ్ళలేదు. మాక్ టెస్టు ఉందని అమ్మకి అబద్ధం చెప్పాను. ఇక్కడ చర్చికీ వెళ్ళలేదు. రూములోనే కూర్చున్నాను. నాగదుర్గ ఏడుస్తూ సారీ చెప్పింది. ఓదార్చే ఓపిక లేదు.

అక్టోబర్ 16

మేడమ్‌కి చెప్పేశాను. నేను చెప్పింది తన దగ్గరే ఉంటుందన్నారు. తర్వాత నేనెవరో క్లయింటైనట్టు, మూడు దారులు విడమరిచి చెప్పారు. ఎస్సీల్లోంచి మారిన క్రైస్తవులకి బీసీ-సీ. ఒక్క శాతం రిజర్వేషన్. దానికి పెట్టుకుంటే ఎంఆర్ఓ ఆఫీసు నుంచి ఎంక్వయిరీకి వస్తారు, ఇంట్లో అందరి కాగితాలూ బయటికొస్తాయి. రెండోది నా చేతిలో ఉన్న సర్టిఫికెట్. మూడోది జనరల్. దానికి ఎవరూ ఏమీ అడగరు, కానీ మార్కులు కావాలి.

ఏది పెట్టమంటారని అడిగాను.

"నేను చెప్పను. ఫారం కింద సంతకం నీది. రేపు ఎవరైనా కేసు వేస్తే బోనులో నిలబడేదీ నువ్వే. పదకొండేళ్ళు ప్రాక్టీసు చేశాక ఇలాంటి కాగితం చెల్లదని తేలి కోటు విప్పేసిన మనిషి నాకు తెలుసు. చాలా మంచి లాయరు."

ఆయన ఇప్పుడేం చేస్తున్నారో అడగలేదు. మేడమ్ అప్పటికే మెట్లు దిగుతున్నారు.

అక్టోబర్ 19, ఆదివారం

ఇంట్లో చెప్పాను. నాన్న ట్రాక్టర్ కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. బయటికి రాకుండానే విన్నాడు. ఊళ్ళో మనవాళ్ళందరూ అదే చేస్తున్నారు, నీకొక్కదానికే వచ్చిందా బాధ అన్నాడు. బీసీ-సీ మాట ఎత్తగానే లేచి వచ్చాడు. అమ్మ ప్రభుత్వాసుపత్రిలో అటెండరు. తొమ్మిదేళ్ళ కింద ఎస్సీ కోటాలో వచ్చిన ఉద్యోగం. ఎంక్వయిరీకి వచ్చేవాళ్ళు నా కాగితం చూసి అమ్మది చూడకుండా పోతారా అని అడిగాడు.

తప్పు తప్పే కదా నాన్నా అన్నాను.

"మా అమ్మ బాప్తిస్మం తీసుకున్నాక మమ్మల్ని ఊళ్ళో ఇల్లు కట్టుకోనిచ్చారా? హోటల్లో గ్లాసు మారిందా? పేట మారలేదు, పిలుపు మారలేదు. కాయితం ఒక్కటీ ఎందుకు మారాలో మీ మేడమ్‌ని అడుగు."

ప్యాసేజీలో ఈ ప్రశ్న లేదు.

సాయంత్రం అమ్మ బస్టాండు దాకా వచ్చింది. బస్సు కదిలే ముందు, నా ఉద్యోగం పోయినా పర్లేదని అనలేనమ్మా అంది.

అక్టోబర్ 30, సాయంత్రం 4:10

రేపే ఆఖరు తేదీ. నెట్ సెంటర్లో కూర్చున్నాను. కేటగిరీ గడి దగ్గర ఇరవై నిమిషాలు. వెనక ఎవరో ఇంకెంతసేపని అడిగారు.

జనరల్ పెట్టాను.

నాన్నకి చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు.

నవంబర్ 3

అప్లికేషన్ ప్రింటు హర్షవర్ధన్‌కి చూపించాను. చాలాసేపు చూశాడు. నీకు జనరల్‌లో రాదు అన్నాడు. తెలుసన్నాను. ఫోన్ తీసి వీడియో డిలీట్ చేశాడు. నేను అడగలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు.

నవంబర్ 5

ముందు ప్రశ్నలు చదివి తర్వాత ప్యాసేజీకి వెళ్ళమని హర్షవర్ధన్ చెప్పాడు. రోజూ గంట నా పక్కన కూర్చుంటున్నాడు. ఎందుకని అడిగితే, నేనూ ప్రాక్టీసు చేసుకోవాలిగా అన్నాడు.

నవంబర్ 23

మాక్‌లో 83. మేడమ్ నా పేపర్ రెండోసారి దిద్దారు. 83 నిజమే.

డిసెంబర్ 7, ఆదివారం

రెండు నుంచి నాలుగు దాకా. లెక్కల దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆరు ప్రశ్నలు వదిలేశాను. బయటికొచ్చాక నాగదుర్గ మాట్లాడుతూనే ఉంది, నాకేమీ వినపడలేదు.

డిసెంబర్ 17

ర్యాంకు మూడు వేల ఎనిమిది వందలు దాటింది. హర్షవర్ధన్‌కి ఎస్సీలో వైజాగ్ ఖాయం. నాకు అక్కడ జనరల్‌లో రాదు. ఎస్సీ పెట్టి ఉంటే నాకూ వచ్చేదే. అతనే లెక్కేసి చెప్పాడు. చెప్పకుండా ఉండొచ్చు కదా. ఉండలేదు.

డిసెంబర్ 26

ఇరవయ్యో తేదీన నాన్న స్కోర్‌కార్డు చూశాడు. అందులో కేటగిరీ ఉంటుందని నేను అనుకోలేదు. కాగితం మడిచి నా చేతికిచ్చి బయటికెళ్ళాడు. క్రిస్మస్ దాకా నాతో మాట్లాడలేదు. క్రిస్మస్ రోజు కూడా, అన్నం పెట్టమని మాత్రమే అన్నాడు.

జనవరి 28

మొదటి రెండు అడ్మిషన్ లిస్టుల్లో లేను.

మార్చి 2

నాగదుర్గ ఎంసెట్ కోచింగ్‌కి వెళ్ళిపోతోంది. దాని పెట్టె నేనే సర్దాను. స్టేటస్ సంగతి మళ్ళీ ఎత్తబోయింది. ఆపాను.

మే 21, మధ్యాహ్నం

ఆఖరి లిస్టులో సీటొచ్చింది. షిల్లాంగ్. మేఘాలయ.

మేడమ్ కోర్టు వరండాలోంచి ఫోన్ చేశారు. చుట్టూ అరుపులు. ట్రస్టు ఫీజు కడుతుందన్నారు. అంత దూరం వెళ్తావా అని అడిగారు. వెళ్తానన్నాను.

మే 24

అమ్మ నాన్నకి చెప్పింది. నాన్న నన్ను పిలిచి, ఫోన్లో ఆ ఊరెక్కడుందో చూపించమన్నాడు. వేలితో విజయవాడ నుంచి పైకి జరుపుతూ పోయాడు. జరుపుతూనే ఉన్నాడు. ఒక్క సంతకం తప్పించుకోవడానికి ఇంత దూరమా అన్నాడు. అందులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

జూలై 30

షిల్లాంగ్ వచ్చి నాలుగు రోజులు. వాన. నాన్న ఫోన్ చేశాడు. అక్కడ చర్చి ఉందా అని అడిగాడు. వీధికొకటి ఉందన్నాను. ఇక్కడివాళ్ళలో చాలామంది మనలాగే క్రైస్తవులన్నాను.

"మరి వాళ్ళకి సర్టిఫికెట్ ఏమని ఇస్తారంట?"

"ఎస్టీ అనే ఇస్తారంట నాన్నా. ఎస్టీలకి మతంతో పనిలేదంట."

ఇంకోసారి చెప్పమన్నాడు నాన్న. చెప్పాను. అయినా ఫోన్ పెట్టలేదు.