మరియమ్మ అసలు గొంతు

ఆదివారం రాత్రి, సుబేదారి రూం

పొద్దున నెక్కొండ పోయిన. నా సినిమాల తల్లి వేషం వేసిన మరియమ్మ జ్ఞాపకార్థ కూడిక ఇయ్యాల. ఆమె సీన్లు చర్చిల చూపియ్యమని బిడ్డ సునీత అడిగింది. దానికి కెమెరా పట్టిన దోస్తు ఇప్పుడు టీవీ సీరియళ్ల పనికి పోయిండు, ప్రొజెక్టర్ నేనొక్కన్నే మోసుకపోయిన. ఏ థియేటర్ తీసుకోని నా సినిమాకు ఇదే రిలీజ్.

తెర మీద మరియమ్మ మాట్లాడంగనే అందరు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. సునీత దగ్గరికొచ్చి మెల్లగ అడిగింది.

"అన్నా, మొకం అమ్మదే. గొంతు ఎవలిది?"

డబ్బింగ్ అని చెప్పిన. రైలు పట్టాల పక్కన షూటింగ్ చేసినం, ఆ మోతల ఆమె మాటలు వినవడక హైదరాబాద్‌ల వేరే ఆమెతోని చెప్పించినం.

"అమ్మ గొంతు మా ఫోన్లల్ల లేదన్నా. నీ దగ్గరన్న ఉంటదనుకున్న."

రూంకొచ్చి పాత హార్డ్ డిస్క్ తీసిన. షూటింగ్‌ల పట్టిన సౌండ్ అంతా ఉన్నది. డైలాగుల నిండ రైలే. కానీ నేను కట్ చెప్పినంక గూడ రికార్డింగ్ జరసేపు నడిచింది. అక్కడ మరియమ్మ సాఫ్‌గ వినవడుతాంది.

"కొడుకా, నువ్వు తిన్నవా?"

"ఇంకో టేక్ అమ్మా" అంటాన్న నేను. ఆ టేక్ అయినంక మళ్ల అదే అడుగుతది. నేను మళ్ల అదే అంట.

ఆ ముక్కలన్ని సునీతకు పంపిన. ఆఖరిది మాత్రం మళ్లొకసారి పెట్టి విన్న. ఆమె అడగంగనే, నా మాట రాకముందే ఆపిన.

"ఇంకా తినలేదమ్మా" అన్న.