మేజరు గారి చేత చెప్పించినాను

ఒరే అప్పన్నా,

కాలేజీ గేటు ఎదర ప్రేమ్ బజార్‌లో నేను టైపింగు షాపు పెట్టినాన్రా, నువ్వు పోయిన తరవాత. మొన్న మీ మేజరు ఆ షాపుకే వచ్చినాడు. ఆయనా తెలుగువాడే. రిటైరై, కేంపస్‌లో పాఠాలు చెప్పే కూతురి దగ్గర ఉంటన్నాడు. మీ ఇంజినీర్ల పటాలం చరిత్ర రాసి, టైపు చెయ్యమని కాయితాలిచ్చినాడు. నేనెవరో ఆయనకి తెలీదు.

మీరు కట్టిన వంతెనలు, తీసిన మందుపాతరలు అన్నీ అందులో ఉన్నాయి. నీ పేరు మాత్రం ఒక్క చోటే ఉంది: "సొంత అజాగ్రత్త వల్ల మరణించాడు."

మందుపాతరల కోసం వెతకడం పూర్తవని దారిలోకి నిన్ను తొందరపెట్టి పంపింది ఈయనేనని, నీతో పనిచేసిన ఒడియా అబ్బాయి నువ్వు పోయినప్పుడే ఇంటికొచ్చి చెప్పినాడు.

ఈ రోజు ఆయనొచ్చేసరికి నీ ఫొటో కీబోర్డు పక్కన పెట్టినాను.

"ఈ లైను మీరే చదవండి సార్."

ఫొటో చూసి ఆయన చదవలేకపోయినాడు.

"మీరు ఇతనికి ఏమవుతారు?"

"అక్కని."

"ఆ లైను తీసేద్దామమ్మా."

"తీసేస్తే సాలదు. జరిగింది సెప్పండి, టైపు సేస్తాను. లేదంటే ఆ రోజు పక్కనున్నవాడిని పిలిపిస్తాను. మీ అమ్మాయి ముందర వాడే సెప్తాడు."

ఆయన షాపు తలుపు దగ్గరికేసి వచ్చి కూర్చున్నాడు.

"దారి ఇంకా వెతకలేదని అప్పన్న చెప్పాడు. అయినా నేనే పంపాను."

చెప్తూ ఏడిసినాడు. నాకు జాలి కలగలేదు.

"వినపళ్లేదు సార్, ఇంకోసారి సెప్పండి," అన్నాను.

మొదటిసారే బాగా వినపడిందిరా.

మీ అక్క