పొట్ట మీద పెన్ను గుర్తు

నందిగామ, శనివారం, 2003

పెద్దపేగంతా పుండ్లేనట, మందులకి లొంగదట. తీసేసి, మలం పోవడానికి పొట్టకి సంచి తగిలిస్తారట, జీవితాంతం. ఎక్కడన్నది బెజవాడ డాక్టరు గారు పెన్నుతో గుర్తు పెట్టి పంపారు. "ఇంటికెళ్ళి ఎప్పటిలా చీర కట్టుకుని, కూర్చుని, వంగి చూడండమ్మా. అడ్డమొస్తే జరుపుదాం. ఒప్పుకుంటేనే సోమవారం రండి" అన్నారు.

కట్టి చూశా. లంగా బొందు సరిగ్గా గుర్తు మీదే పడింది. బడిలో పిల్లల ముందు ఎలా వంగేది?

మా ఆయనేమో "ఇంకో ఏడాది మందులు వాడి చూద్దాంలే" అంటారు. ఇవాళ వచ్చేటప్పుడు కీసర దగ్గర బస్సు ఆపించి, తుమ్మచెట్ల చాటుకి పరిగెత్తింది నేను. తిరిగి ఎక్కేసరికి బస్సంతా నన్నే చూస్తోంది, ఆయనొక్కరే కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. ఇంకో ఏడాదట!

అత్తయ్య వేన్నీళ్ళు తోడి పెట్టింది. గుర్తు కడిగేసుకుంటే ఈ గొడవే ఉండదనుకుంటూ స్నానానికి వెళ్ళా. తీరా చెంబు ఎత్తేసరికి, రెండో చెయ్యి దానంతటదే గుర్తుకి అడ్డం పోయింది. ఒళ్ళంతా తడిసింది, అదొక్కటే తడవలేదు.

సోమవారం వెళ్తున్నానని ఆయనకింకా చెప్పలేదు.