బయట బిగించిన గడియ

చిట్టితల్లికి,

నాన్న ప్రభువు పేరిట దీవించి రాస్తున్నది. ఇక్కడ అంతా క్షేమమని మొదటి వరుసలో రాసి కొట్టేశాను. ఇంట్లో ఉన్నదే ఇద్దరం, అందులో ఒకరికి బాగాలేనప్పుడు ‘అంతా’ అని ఎలా రాయను? నీ నర్సింగు పరీక్షలు బాగా అయ్యాయని తెలిసి సంతోషించాను. నీ ఉత్తరం ఎప్పటిలాగే అమ్మ పేరిట వచ్చింది. చదివే ఓపిక ఆమెకు లేదు కనుక నేనే చదివి జవాబు రాస్తున్నాను.

నిద్రపడుతోందా, డాక్టరుకు చూపించుకున్నావా, నన్ను రమ్మంటావా అని అమ్మను అడిగావు. ఆరు వారాలుగా బొత్తిగా నిద్ర లేదమ్మా. కళ్ళు మూతపడితే చాలు, ఎవరో చెవి దగ్గర ‘పడుకోకు’ అంటున్నారని ఉలిక్కిపడి లేచేది. ప్రార్థనకు కూర్చుంటే పెదవులు కదిలేవి కావు. ఇది దయ్యపు పీడేనని నేను తీర్మానించేశాను. డాక్టరు దగ్గరికి వెళ్తే విశ్వాసం లేనివాడినవుతానని నా భయం.

మన సంఘంలో గంటలన్న ఉన్నాడు కదా, భోజనానికి ముందు ప్రార్థన చెయ్యమంటే కూర చల్లారేదాకా వదలని మనిషి. ఆయన్నీ మరో ఇద్దరినీ పిలిచాను. రోజూ పొద్దున్నే వచ్చి, అమ్మ తల పట్టుకుని ‘వదిలిపో’ అని అరిచేవారు. నేనూ గొంతు కలిపాను. మంగళవారం అమ్మ మధ్యలో లేచి వీధిలోకి పరుగెత్తింది.

"మేస్త్రీ, గదికి బయట గడియ పెట్టు. ఆ దయ్యం తన పేరు చెప్పేదాకా వదలొద్దు. శనివారానికీ లొంగకపోతే ఉపవాస ప్రార్థన కూటానికి తీసుకెళ్ళి నలభై రోజులు అక్కడే ఉంచుదాం," అన్నాడు గంటలన్న.

తాళాల కొట్టు పెట్టుకుని అందరి తాళాలూ తీసిపెట్టే నేను మీ అమ్మను లోపల పెట్టి గడియ బిగించాను. కొట్లో ఉన్నవాటిలో గట్టిది ఏరి మరీ తెచ్చాను.

శుక్రవారం పొద్దున వాళ్ళింకా రాలేదు. తలుపు అవతల అమ్మ గొంతు వినబడింది. దయ్యం పేరు చెబుతుందేమోనని చెవి ఆనించాను. అమ్మ తనలో తాను అనుకుంటోంది: "నువ్వు కునుకు తీయకపోతే వాడు బతికేవాడు. నువ్వు కునుకు తీయకపోతే వాడు బతికేవాడు."

ఆ మాట దయ్యానిది కాదు, నాది. నీ తమ్ముడు పోయిన రోజు ఆసుపత్రి వరండాలో, రెండు రోజులు కన్నార్పకుండా కూర్చుని చివరికి ఒక్క అరగంట కళ్ళు మూసిన మనిషిని పట్టుకుని నేనన్న మాట. అని మర్చిపోయాను. ఆమె మూడేళ్ళుగా దాన్నే వింటోంది. దయ్యాలు లేవని నేననను తల్లీ. పీడా నిజమే. కానీ దాని చేతికి కత్తి అందించినవాణ్ణి నేను. ఆ సంగతి ఎత్తకుండా ఇన్నాళ్ళూ దాన్ని తిడుతూ కూర్చున్నాను.

స్క్రూడ్రైవరు తెచ్చి గడియ ఊడదీశాను. తొందరలో ఒక స్క్రూ తల చెడగొట్టాను. ఇన్నేళ్ళ పనిలో అలా ఎప్పుడూ జరగలేదు. గుమ్మంలోనే నేల మీద కూలబడ్డాను.

"ఆ మాట నాది. తప్పు మాట. వాడు పోయింది జ్వరంతో, నీవల్ల కాదు. నన్ను క్షమించు," అన్నాను.

అమ్మ నావైపు చూడలేదు.

"మీరు లోపలికి రండి. తలుపు మాత్రం మూయకండి," అంది.

అంతలో గంటలన్న వచ్చాడు. "ఇవాళ గట్టిగా పట్టుకోవాలి," అన్నాడు.

"పట్టుకోవాల్సింది నన్ను, అన్నా. ఆవిడ ఏ కూటానికీ రాదు," అన్నాను.

దయ్యం నాలో కూడా దూరిందని చెప్పి వెళ్ళిపోయాడు. సాయంత్రం పాస్టరుగారు వచ్చి, అమ్మ తల ముట్టుకోకుండా ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా నాలుగు మాటలు ప్రార్థించారు. "డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, పదమ్మా," అన్నారు. శనివారం ముగ్గురం వెళ్ళాం. అమ్మ మాత్రలు వేసుకుంటోంది. పొద్దునా సాయంత్రమూ ఇద్దరం మామూలు గొంతుతో ప్రార్థన చేసుకుంటున్నాం. నిన్న ఆమె నోట ‘ఆమేన్’ వినబడింది.

గెలిచామని మాత్రం రాయలేను. ఇప్పటికీ కాసేపటికోసారి ఉలిక్కిపడి లేస్తుంది. "నేను మేలుకునే ఉన్నాను, నువ్వు పడుకో," అంటాను. మళ్ళీ కళ్ళు మూస్తుంది. ఈ మధ్యాహ్నం అలా నాలుగుసార్లయింది.

ఇక నీ చివరి ప్రశ్న, రమ్మంటావా అని. ఆ రోజు వరండాలో నువ్వు మంచినీళ్ళ సీసా పట్టుకుని నా వెనకే నిలబడి ఉన్నావు. ఆ మాట నువ్వూ విన్నావు. అప్పటినుంచి నీ ఉత్తరాలన్నీ అమ్మకే. నాన్న ఎలా ఉన్నాడని ఒక్కసారీ అడగలేదు. చదువు ఒత్తిడి అనుకుని సరిపెట్టుకున్నాను. నన్ను క్షమించమని నిన్నూ అడుగుతున్నాను తల్లీ. వస్తే సంతోషం. రావాలనిపించకపోతే, తిట్టయినా సరే, ఒక్క వరుస నా పేరిట రాయి.

అమ్మ కదిలింది. మేలుకునే ఉన్నానని వెళ్ళి చెప్పాలి.

ఇట్లు,
నీ జవాబు కోసం ఎదురుచూసే
నాన్న