పర్వాలేదండి

భీమవరం

చిట్టితల్లి కీర్తిప్రియకు దొడ్డమ్మ దీవెనలు.

ఫోన్ చెయ్యమంటావు. నాకు వినపడదు, అరిచి మాట్లాడితే ఇల్లంతా వింటుంది. అందుకే రాస్తున్నాను. రెండో మోకాలి ఆపరేషన్‌కి నేను రాను. మీ పెదనాన్నగారు "డేట్ ఇచ్చేశారు కదా" అంటూ నా చుట్టూ తిరుగుతున్నారు. కొత్త మోకాలు బాగానే ఉంది, పాతది దాన్నీ నడవనివ్వడం లేదు. వాకిలిదాకా వెళ్లాలంటే గోడలు పట్టుకోవాలి. అయినా రాను.

కిందటిసారి నడుముకి ఇంజక్షన్ ఇచ్చి కోస్తుంటే ఏమీ తెలియలేదు. సాయంత్రం మత్తు దిగాక మొదలైంది చూడు, దుప్పటి నోట్లో కుక్కుకున్నాను. అది గుర్తొస్తే ఇప్పటికీ ఒకచోట కూర్చోలేను. లేవబోతాను, మోకాలు లేవనివ్వదు. ఇదీ నా బతుకు.

కోప్పడకు.

మీ దొడ్డమ్మ,
సూర్యావతి

*

రాజమండ్రి

ప్రియమైన దొడ్డమ్మగారికి నమస్కారాలు.

కోపం రాకేం, వచ్చింది. కిందటిసారి నేనింకా ఈ హాస్పిటల్లో మత్తు డాక్టరుగా చేరలేదు. వార్డు సిస్టర్ సాయిదుర్గగారికి మీరు బాగా గుర్తున్నారు. నొప్పి ఎలా ఉందని అడిగినప్పుడల్లా "పర్వాలేదండి, మీరు భోంచేశారా?" అన్నారట! పర్వాలేదన్న మనిషికి మందెవరిస్తారు, దొడ్డమ్మగారూ?

ఈసారి వెన్నులో ఇచ్చే మత్తులో చాలా కొద్దిగా మార్ఫిన్ కలుపుతాను. సాయంత్రానికి కాలు తిమ్మిరి వదిలినా, నొప్పి మర్నాటిదాకా అంతగా తెలియదు. దురద పుట్టొచ్చు, వాంతి రావచ్చు. ఊపిరి ఎలా ఉందో సిస్టర్లు గంటగంటకీ చూస్తారు. మర్నాడు నొప్పి మొదలైతే వేరే మందులున్నాయి, మీరు చెబితేనే. ఆ రోజు నేను విశాఖలో డాక్టర్ల మీటింగ్‌లో ఉంటాను. అదే నా భయం. నోరు విప్పుతానని మాటివ్వండి. లేకపోతే నేను మత్తివ్వను.

మీ మొండితనమే వచ్చిన
కీర్తిప్రియ

*

రాజమండ్రి, హాస్పిటల్ మంచం మీద నుంచి

బంగారుతల్లికి,

నువ్వొచ్చేలోగా రాసి ఉంచుతున్నాను. మాటివ్వమంటే తల ఊపాను, గుర్తుందా? తల ఊపడం మాటివ్వడం కాదులే అనుకున్నాను.

నువ్వన్నట్టే సాయంత్రం కాలివేళ్లు కదిలాయి, నొప్పి లేదు. దాంతో గాభరా ఇంకా పెరిగింది. ఇప్పుడొస్తుందా, ఇంకాసేపటికా అని ఎదురుచూడటమే నా పని. ముక్కు మాత్రం ఒకటే దురద. తెల్లారి బాగా ఎండెక్కాక వచ్చింది నొప్పి. సాయిదుర్గగారు చెవి దగ్గరికొచ్చి అడిగారు. అన్ని మంచాలూ తిరిగి చెమటలు కక్కుతున్న పిల్ల. నా నోరు దానంతటదే "పర్వాలేదండి" అనేసింది.

ఆవిడ పక్క మంచానికెళ్లింది. అచ్చాయమ్మగారని, తునివాళ్లు, తుంటి ఆపరేషన్. ఆవిడ మాట నాకు వినపడలేదు గానీ పెదాలు చూస్తే తెలిసిపోయింది. పర్వాలేదండి. సిస్టర్ ఇటు తిరిగిందో లేదో, అచ్చాయమ్మగారు దుప్పటి నోట్లో కుక్కుకుంది.

ఉండబట్టలేకపోయాను. "అబద్ధమండీ! ఆవిడకి నొప్పిగా ఉంది, మందివ్వండి!" అని అరిచాను. వార్డంతా నన్నే చూసింది. సిస్టర్ దగ్గరకొచ్చి, "మీకెలా తెలుసండీ?" అంది.

"నాకూ ఉందండీ" అన్నాను. ఏడుపొచ్చేసింది.

ఇద్దరికీ మందిచ్చింది. సాయంత్రం నడిపిస్తారట. ఈసారి మీటింగ్‌లో నీ మార్ఫిన్ సంగతితో పాటు ఇదీ చెప్పు. మా వైపు ఆడవాళ్లని "మీకు నొప్పిగా ఉందా" అని అడిగితే లాభం లేదు. "పక్కావిడకి ఉందా" అని అడగమను.

మీ దొడ్డమ్మ